పొలుసులో నాలుగు గీతలు

ఇసాకుకి ఆ మనిషి చేతులు నచ్చలేదు.

రేవులో మూటలు మోస్తానని చెప్పాడు వచ్చినాయన. పేరు మొహెయి అన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. భుజాలు దిట్టంగానే ఉన్నాయి. కానీ టీ గిన్నె అందుకున్నప్పుడు ఇసాకు అతని అరచేతులు చూశాడు. ఒక్క కాయ కూడా కాయలేదు. మూటలు మోసేవాడి అరచేతులు అలా ఉండవు.

"ఏం కావాలి?" అన్నాడు ఇసాకు.

"లాంతరు."

"బోలెడున్నాయి. చూసుకోండి."

మొహెయి దుకాణంలో వేలాడుతున్న కాగితపు లాంతర్ల వంక చూడనైనా చూడలేదు. గొంతు తగ్గించి, "వెనకవైపు వెలిగే లాంతరు" అన్నాడు.

ఆ గుర్తుమాట తెలిసినవాళ్ళు ఊళ్ళో పాతికమందికి మించరు. ఆ పాతికమందీ ఇసాకుకి తెలుసు.

అది జపాన్ దేశంలో ఒక రేవు పట్నం. ఆ రోజుల్లో సర్కారువారు పచ్చబొట్లని నిషేధించారు. పొడిచినవాడికీ శిక్షే, పొడిపించుకున్నవాడికీ శిక్షే. అయినా మంటలార్పేవాళ్ళు, వడ్రంగులు, రిక్షా లాగేవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు ఒంటి మీద బొమ్మ లేకపోతే బట్ట లేనట్టే బాధపడేవాళ్ళు. అలాంటివాళ్ళంతా తొకుబే దగ్గరికి వచ్చేవారు. ముందువైపు లాంతర్ల దుకాణం. వెనక గదిలో చాప, సూదులు, సిరా.

తొకుబేకి డెబ్బై దాటాయి. ఆ పట్నంలో వీపు నిండా బొమ్మ పొడవగల చెయ్యి ఇక ఆయనదొక్కటే. అంతకు ముందు ఇంకొకాయన ఉండేవాడు, గొన్రోకు అని, మూడు వీధుల అవతల. పోయినేడు పోలీసులు ఆయన ఇంటి మీద పడ్డారు. నలభై ఏళ్ళ బొమ్మల పుస్తకాలు వీధిలో కుప్పపోసి తగలబెట్టారు. గొన్రోకుని లాకప్‌లో పెట్టారు. ఆ చలికాలం దాటకుండానే పోయాడాయన.

ఎవరో ఉప్పందించారన్నారు. ఎవరన్నది ఈనాటికీ తేలలేదు.

అప్పట్నించీ ఇసాకుకి గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివాడి మీదా అనుమానమే. పాలవాడు రోజూకంటే ఒక్క నిమిషం ఎక్కువసేపు నిలబడితే వాడి మీద. ఎదురింటి కిటికీ కొత్తగా తెరిచి ఉంటే ఆ కిటికీ మీద. ఏడేళ్ళుగా తొకుబే దగ్గర శిష్యుడు. సిరా నూరడం, సూదులు కట్టడం, సన్నగీతలు పొడవడం అన్నీ వచ్చు. కాగితం మీద ఏ బొమ్మైనా వేస్తాడు. కానీ ఈ ఏడాదిగా అతను నేర్చుకున్నదంతా తలుపు సందులోంచి చూడడం ఒక్కటే.

"మీరేదో పొరబడ్డారు. మా దగ్గర మామూలు లాంతర్లే..." అంటుండగానే తెర పక్కకి జరిగింది. తొకుబే బయటికి వచ్చాడు. మొహెయి చేతుల వైపు ఆయన చూడలేదు. మొహం వైపు చూశాడు. ఎక్కువసేపు కూడా కాదు.

"ఏం బొమ్మ?" అన్నాడు.

"కోయి చేప. వీపు నిండా. కిందికి దిగుతూ ఉండాలి. చుట్టూ చెర్రీ పూల రేకులు రాలుతూ."

ఇసాకుకి నవ్వొచ్చింది. అనుమానం కూడా గట్టిపడింది.

కోయి చేప అంటే మన బొచ్చెచేప లాంటిదే, కాకపోతే మూతి దగ్గర మీసాలుంటాయి. అది జలపాతానికి ఎదురీది పైకెక్కితే డ్రాగన్ అవుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. అందుకే అడిగినవాళ్ళంతా పైకెక్కే చేపనే అడుగుతారు. కిందికి దిగే చేపని అడిగేవాళ్ళు నూటికి ఒక్కరు. అడిగినా దానికి పక్కన ఎర్రటి మేపుల్ ఆకులు వేయాలి. అది శరదృతువు బొమ్మ. చెర్రీ పూలు వసంతానివి. సింహం పక్కన పెయొనీ పువ్వు ఉన్నట్టు, ప్రతి బొమ్మకీ దాని జత, దాని ఋతువు ఉంటాయి. ఋతువు తప్పితే బొమ్మ తప్పినట్టే. సిరా నూరడం నేర్చుకునే మొదటి ఏడాదిలోనే ఇది చెబుతారు.

ఇది తెలియనివాడు పచ్చబొట్ల మీద మోజుతో వచ్చినవాడు కాదు. ఎవరో చెప్పి పంపితే వచ్చాడు.

గురువుగారు ఇప్పుడీ తప్పు చెప్పి పంపించేస్తాడని ఎదురుచూశాడు ఇసాకు.

తొకుబే కూజా లోంచి తనకి టీ వంపుకుంటున్నాడు. "రేకులెన్ని?" అన్నాడు.

"ఏడు."

టీ ధార ఆగింది. మళ్ళీ పడింది.

"రేపు పొద్దున్న రా," అన్నాడు తొకుబే.

*

మర్నాడు మొహెయి చొక్కా విప్పి చాప మీద బోర్లా పడుకున్నాడు. తొకుబే కుంచెతో సూటిగా వీపు మీదే బొమ్మ గీశాడు. మెడ దగ్గర తోక, నడుము దగ్గర తల. చేప ఒంపు తిరిగి కిందికి దూకుతోంది. పుస్తకం తెరవలేదు. ఎక్కడా చెయ్యి ఆగలేదు. ఇసాకు ఆ బొమ్మని గురువుగారి ఏ పుస్తకంలోనూ చూడలేదు.

అయిదు పూటలు పట్టింది గీతలు పొడవడానికి. వెదురు పుల్ల చివర సూదులు వరసగా కట్టి, చర్మం బిగలాగి, చిన్న చిన్న పోట్లు. ఆ చప్పుడు వింటే ఎవరో ఎండుటాకుల మీద మెల్లగా నడుస్తున్నట్టుంటుంది.

అలా పడుకునే ఉండి, మొహెయి ఏవో అడుగుతుండేవాడు. "ఈ సూదులు మీరే కడతారా? సిరా ఎక్కణ్ణించి తెస్తారు? ఆ అరలో ఉన్న పుస్తకాలు ఎన్నేళ్ళవి?"

తొకుబే అన్నిటికీ జవాబు చెప్పేవాడు. ఇసాకు అన్నీ గుర్తుపెట్టుకునేవాడు. నొప్పితో పళ్ళు బిగబట్టుకోవాల్సిన మనిషికి పుస్తకాల సంగతెందుకు?

ఆరో రోజు మధ్యాహ్నం ఇసాకు అతని వెనకాలే వెళ్ళాడు.

మొహెయి రేవు వైపు వెళ్ళలేదు. చేపల బజారు దాటాడు, వంతెన దాటాడు, పోలీసు ఠాణా వెనక సందులోకి తిరిగాడు. అక్కడ ఒక చిన్న గేటు. కాపలావాడు ఇతన్ని చూసి తలూపాడు. మొహెయి తన ఇంట్లోకి వెళ్ళినట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

ఇసాకు పరుగెత్తుకుంటూ వచ్చాడు. తొకుబే లాంతరు చట్రానికి కాగితం అంటిస్తున్నాడు.

"గురువుగారూ! వాడు పోలీసుల మనిషి. నా కళ్ళతో చూశాను. ఠాణా వెనక గేటులోంచి వెళ్ళాడు."

"అలాగా."

"మన కొంప ముంచడానికే వచ్చాడండీ. ఈ రోజే సూదులు, పుస్తకాలు ఎక్కడికైనా..."

"జిగురు ఆరిపోతోంది. ఆ అంచు పట్టుకో," అన్నాడు తొకుబే.

ఇసాకు అంచు పట్టుకున్నాడు. కాగితం బిగువుగా కూర్చుంది. ముసలాయన దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, పక్కన పెట్టి, ఇంకొకటి అందుకున్నాడు. ఆ విషయం ఇక ఎత్తలేదు.

*

అనుమానానికి ఒక గుణం ఉంది. ఒక మనిషి దగ్గర ఆగదు.

నాలుగు రోజుల తర్వాత ఇసాకు బయటి పనులు చూసుకుని వచ్చేసరికి గురువుగారూ మొహెయీ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఒక సాకే సారా సీసా. మొహెయి ఏదో మెల్లగా చెబుతున్నాడు. తొకుబే తల వంచుకుని వింటున్నాడు. ఇసాకుని చూడగానే మొహెయి మాట ఆపేశాడు.

ఆ ఆపేయడం ఇసాకు మనసులో ముల్లులా దిగింది.

గురువుగారికి తెలుసు. చెప్పినా లెక్కచేయలేదు. ఎందుకని? భయపడి కలిసిపోయాడా? ముసలితనంలో లాకప్‌కి వెళ్ళడం ఇష్టం లేక తన దగ్గరికి వచ్చే పాతికమంది పేర్లూ అప్పజెప్పేస్తున్నాడా? గొన్రోకు సంగతి బయటికి పొక్కినప్పుడు కూడా... అక్కడ ఇసాకు ఆగిపోయాడు. కానీ ఒకసారి వచ్చిన ఆలోచన వెనక్కి పోలేదు. పక్కనే కూర్చుంది.

మర్నాడు తెల్లవారుతూనే, గురువుగారు స్నానానికి వెళ్ళినప్పుడు, ఇసాకు అరలోంచి బొమ్మల పుస్తకాలు పదమూడూ తీశాడు. నూనెగుడ్డలో చుట్టి, నిచ్చెనెక్కి, పై దూలం మీద లాంతరు చట్రాల వెనక దాచాడు. పోలీసులొస్తే దొరక్కూడదు. గురువుగారు అప్పజెప్పాలనుకున్నా దొరక్కూడదు.

తొకుబే స్నానం చేసొచ్చి అర తెరిచాడు. ఖాళీ అర ముందు ఒక నిమిషం నిలబడ్డాడు. ఇసాకు సిరా నూరుతూ, నూరుతున్న రాయి వంకే చూస్తున్నాడు. 'అడుగుతాడు, ఇప్పుడడుగుతాడు' అనుకున్నాడు.

తొకుబే అర మూసేసి, వచ్చి చాప సర్దాడు.

ఆ పూట మొహెయి వచ్చి పడుకున్నాక, ముసలాయన సూదుల పుల్ల ఇసాకు ముందు పెట్టాడు.

"పొలుసులు నువ్వు పొడు."

ఇసాకు నమ్మలేకపోయాడు. వీపు బొమ్మలో పొలుసులు! ఏడేళ్ళుగా ఈ మాట కోసమే కాచుకున్నాడు. ఇంతవరకు మోచేతి మీద మేఘాలు, తొడ మీద అలల అంచులు తప్ప ఏదీ అతని చేతికి రాలేదు. ఈ మాట ఎప్పుడో ఒకనాడు వింటానని, ఆ రోజు సంతోషంతో చెయ్యి వణుకుతుందని అనుకున్నాడు.

తీరా విన్నప్పుడు ఏం తోచింది? ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడే ఎందుకు? ఈ మనిషి మీదే ఎందుకు? రేపు పోలీసులు వచ్చి ఈ వీపు ఎవరు పొడిచారని అడిగితే వేలు చూపించడానికా?

మూడు పూటలు పొలుసులు పొడిచాడు. చెయ్యి పని చేసుకుపోయింది. ఒక్కొక్క పొలుసూ బొటనవేలి గోరంత. అంచున నలుపు, మధ్యలోకి వచ్చేసరికి పొగలా పలచబడాలి. మూడో పూట తొకుబే బయట లాంతరు బేరంలో ఉన్నాడు. గదిలో ఇద్దరే. మొహెయి కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"మీ గురువుగారు గొన్రోకు సంగతి ఎప్పుడైనా మాట్లాడతారా?" అన్నాడు మొహెయి, కళ్ళు తెరవకుండానే.

ఇసాకు చెయ్యి ఆగింది.

మొహెయి ఎడమ భుజం రెక్క కింద పొలుసు ఒకటి ఇంకా ఖాళీగా ఉంది. ఇసాకు అన్నిటికంటే సన్నని సూది తీసుకున్నాడు. ఆ పొలుసులో కుడివైపుకి, నాలుగే నాలుగు గీతలు పొడిచాడు. ఒక అడ్డగీత, రెండు వాలుగీతలు, పైన ఒక చుక్క. వాళ్ళ రాతలో అది ఒక అక్షరం.

కుక్క.

పోలీసులకి ఉప్పందించేవాణ్ణి ఆ దేశంలో కుక్క అంటారు. వెనకటి కాలంలో కొన్ని సీమల్లో నేరం చేసినవాడి నుదుటి మీద ఈ అక్షరమే పొడిచేవారట, చచ్చేదాకా మోసుకు తిరగమని.

'నీ వీపు నువ్వు చూసుకోలేవు. కానీ మావాళ్ళు చూస్తారు' అనుకున్నాడు ఇసాకు. చుట్టూ పొలుసు నీడ పెట్టి కప్పేశాడు. తెలిసినవాడు వెతికితే తప్ప కనబడదు.



*

నీడలు పొడిచే రోజు వచ్చింది. నీళ్ళు, గాలి, రేకుల చుట్టూ చీకటి, అవన్నీ గురువుగారి పని. తొకుబే తడిగుడ్డతో వీపంతా తుడిచాడు. కిటికీ వెలుతురులో చేప తళతళలాడింది. చర్మం కింద నల్లసిరా పచ్చగా తిరుగుతోంది.

"పొలుసులు బాగా కుదిరాయి," అన్నాడు.

అరచెయ్యి వీపు మీద పెట్టి మెల్లగా కిందికి జరిపాడు. ఎడమ రెక్క కింద చెయ్యి ఆగింది. ముసలాయన వంగాడు. ఇంకొంచెం వంగాడు.

ఇసాకుకి వీధిలో రిక్షా గంట వినబడింది. అది మెల్లగా దూరమైంది.

"మొహెయి, లేచి కూర్చో. టీ తాగు," అన్నాడు తొకుబే.

మొహెయి లేచి భుజాల మీద చొక్కా కప్పుకున్నాడు. తొకుబే తన నడుం పట్టీ విప్పాడు. పైబట్ట జార్చాడు. ఇసాకు వైపు వీపు తిప్పి, అదే చాప మీద బోర్లా పడుకున్నాడు.

ఆ వీపు ఇసాకుకి తెలియనిది కాదు. ఏడేళ్ళుగా తన చేత్తోనే రుద్ది స్నానం చేయించాడు. మేఘాల మధ్య డ్రాగన్. వయసు మీదపడి డ్రాగన్ కూడా ముడతలు పడింది. పక్కటెముకల మీద దాని గోళ్ళు వదులయ్యాయి. కుడి భుజం కింద మాత్రం అరచేతి మేర ఏ బొమ్మా లేదు.

"సూదులు తీసుకో," అన్నాడు తొకుబే.

"ఏం పొడవాలి గురువుగారూ?"

"అతని గురించి నువ్వనుకున్నది అతని మీద రాశావుగా. నా గురించి అనుకుంటున్నది నా మీద రాయి. చోటుంది."

ఇసాకు సూదుల పుల్ల అందుకున్నాడు. అందుకోమన్నారు కనుక అందుకున్నాడంతే. ఎడమ చేత్తో చర్మం బిగలాగాడు. ఆ చర్మం కాగితంలా పలచగా ఉంది. తొకుబే కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి నిదానంగా ఆడుతోంది. నిద్రపోతున్నాడేమో అనిపించేంత నిదానంగా.

ఏం రాయాలో ఇసాకుకి తెలుసు. ఇన్ని రోజులుగా అనుకుంటున్న మాటే. కానీ సూది కొన దగ్గరికి వచ్చేసరికి ఆ మాట అక్షరం కావడం లేదు. సిరా బొట్టు ఒకటి ముసలాయన వీపు మీద పడి, వెన్నెముక గాడిలోకి జారింది.

ఇసాకు పుల్ల కింద పెట్టేశాడు.

"పుస్తకాలు నేనే దాచాను," అన్నాడు.

"తెలుసు. ఆ దూలం మీది దుమ్ము రోజూ నా టీలో పడుతోంది."

"మరి అడగలేదేం?"

"నీ దగ్గరున్నాయిగా."

తొకుబే లేవలేదు. పడుకునే ఉన్నాడు.

"పొలుసులు నాకెందుకిచ్చారు? ఇతని మీదే ఎందుకిచ్చారు?" అన్నాడు ఇసాకు.

"నీ పొలుసులు నావాటికంటే బాగుంటాయి. అందుకని."

మొహెయి టీ గిన్నె కింద పెట్టాడు. "ఏం జరుగుతోందిక్కడ? నా మీద ఏం రాశారు?"

ఇసాకు అతనివైపు తిరిగాడు. "మీరు పోలీసు."

మొహెయి కాదనలేదు. కాసేపు తన మెత్తటి అరచేతులు చూసుకున్నాడు. "పదిహేనేళ్ళు కానిస్టేబుల్‌ని. మొదటిసారి ఈ చాప మీద పడుకునే ముందు రోజు ఉద్యోగం వదిలేశాను. ఠాణా వెనక ఇంటి గది ఖాళీ చేయడానికి నెల గడువిచ్చారు. ఈ మాట ముందే చెబితే మీరు గుమ్మం తొక్కనిచ్చేవారా?"

ఇసాకు చూపు గుమ్మం వైపు పోయింది.

"గొన్రోకు ఇంటికి వెళ్ళినవాళ్ళలో నేనున్నాను. మీ లాంతరు గుర్తుమాట అక్కడ దొరికిన చీటీలో ఉంది. నాకే దొరికింది. ఎవరికీ ఇవ్వలేదు, మింగేశాను. పుస్తకాలకి నిప్పు పెట్టింది మాత్రం నేనే. పెట్టమన్నారు, పెట్టాను. మంటలోంచి ఒక కాగితం గాలికి లేచింది. కిందికి దిగే చేప, ఏడు రేకులు. నా కాళ్ళ దగ్గర పడింది. తీయొచ్చు. వంగితే చాలు. బూటుతో మళ్ళీ మంటలోకి తోశాను. అది కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఆ సంగతే మొన్న మీ గురువుగారికి చెప్పుకున్నాను."

"నాకు ముందే తెలుసు," అన్నాడు తొకుబే, చాప మీంచే. "నీ దవడ కింద తెల్లటి గీత ఉంది. టోపీ తోలుపట్టీ పెట్టిన గీత. మొదటి రోజే చూశాను. ఏడు రేకుల చేపని గొన్రోకు ఒక్కసారే వేశాడు. ఋతువు తప్పింది కదరా అంటే, చేప ఋతువులు చూసుకుని దిగుతుందా అన్నాడు. ఆ కాగితం చూసినవాడంటే ఆ ఇంట్లోకి వెళ్ళినవాడే."

"తెలిసీ ఒప్పుకున్నారా?" అన్నాడు ఇసాకు.

"కాలిపోయిన చేప ఒక ఒళ్ళు వెతుక్కుంటూ నా గుమ్మంలోకి వచ్చింది. ఆ ఒళ్ళు ఎవరిదని అడగమంటావా?"

"నాకు చెప్పి ఉంటే..."

"చెబితే నమ్మేవాడివా?"

ఇసాకుకి ఇంకొక పని మిగిలింది. అది తనే చేయాలి. మోకాళ్ళ మీద మొహెయి ఎదుటికి జరిగాడు.

"మీ ఎడమ రెక్క కింద ఒక పొలుసులో అక్షరం పొడిచాను. కుక్క అని."

మొహెయి చెయ్యి వెనక్కి పెట్టి తడుముకోబోయాడు. వేళ్ళు అక్కడిదాకా అందలేదు. రెండో చెయ్యి పెట్టాడు. అందలేదు.

"చెరపండి," అన్నాడు.

చెరగదని ముగ్గురికీ తెలుసు.

"వీధిలో అందరూ నన్నలాగే పిలిచారు," అన్నాడు మొహెయి. గొంతు పైకి లేవలేదు. లేస్తే బాగుండుననిపించింది ఇసాకుకి. "పుస్తకాలు కాలుతుంటే ఆడవాళ్ళు కూడా అదే మాట అన్నారు. గొన్రోకు ఒక్కడూ అనలేదు. లాకప్‌లో ఆయనకి నీళ్ళిచ్చేది నేనే. చచ్చిపోయే రోజు కూడా పేరు పెట్టే పిలిచాడు. మొహెయీ, చలిగా ఉంది, అన్నాడు."

ఇసాకు చటుక్కున సూదుల పుల్ల తీసి గురువుగారి చేతిలో పెట్టబోయాడు. "నా నుదుటి మీద పొడవండి అదే అక్షరం. ఇప్పుడే పొడవండి."

"ఇంకో కుక్కని పెట్టుకుని ఏం చేస్తాం?" అంటూ తొకుబే మెల్లగా లేచి కూర్చున్నాడు. బట్ట భుజాల మీదికి లాక్కున్నాడు. "నుదుళ్ళ మీద గుర్తులు పొడిచినవాళ్ళ పని వేరు. ఆ గుర్తులు కప్పడానికే మన విద్య పుట్టిందనేవాడు మా గురువు. సూది చెరపలేదు. కలపగలదు." వీపులో సిరా బొట్టు జారిన చోట దురద పెట్టినట్టుంది, గోక్కున్నాడు. "ఆ పొలుసులో ఎడమవైపు చోటు మిగిలింది. కుక్క పక్కన మనిషిని నిలబెట్టు. రెండు గీతలు."

ఇసాకు మనసులో ఆ రెండు గీతలూ గీసుకున్నాడు. గీసుకుని కదలకుండా ఉండిపోయాడు.

ఆ దేశపు రాతలో గుర్తు పక్కన గుర్తు చేరితే మాటే మారిపోతుంది. కుక్కకి ఎడమపక్కన మనిషిని పెడితే అది ఇక కుక్కా కాదు, మనిషీ కాదు. తల నేలకి ఆనేలా వంగడం అని అర్థం. బడికెళ్ళిన ప్రతివాడికీ తెలిసిన అక్షరమే. ఇసాకు కొన్ని వందలసార్లు రాసి ఉంటాడు. అందులో ఎవరు ఎవరి పక్కన ఉన్నారో ఎప్పుడూ విడదీసి చూడలేదు.

కానీ పొడవాలంటే ఆ మనిషి మళ్ళీ వీపు తిప్పాలి.

మొహెయి చాలాసేపు ఇసాకు మొహం వంక చూశాడు. పోలీసువాడు చూసే చూపు. అబద్ధం ఎక్కడుందో వెతికే చూపు. ఆ చూపు ముందు ఇసాకు కళ్ళు దించుకోలేదు. దించుకోవాలనిపించినా దించుకోలేదు.

తర్వాత మొహెయి చొక్కా తీసేశాడు. చాప మీద బోర్లా పడుకుని, తల చేతుల మీద పెట్టుకున్నాడు.

"కానివ్వండి," అన్నాడు.

ఇసాకు సన్నని సూది సిరాలో ముంచాడు. ఒక వాలుగీత. దాని కింద ఒక నిలువుగీత. రెండూ కలిపి పాతిక పోట్లు కూడా ఉండవు. ఏడేళ్ళలో ఏ గీతా అంత నెమ్మదిగా పొడవలేదు. చివరి పోటు అయ్యాక తడిగుడ్డతో అద్దాడు. చేప ఈదుతూనే ఉంది.

తొకుబే వంగి చూడలేదు. కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు.

"అయిందా?" అన్నాడు మొహెయి. అలాగే పడుకుని తల మాత్రం పక్కకి తిప్పాడు. "ఇప్పుడది ఏమని చదవాలి?"

ఇసాకు సూదులు పక్కన పెట్టాడు. రెండు అరచేతులూ చాపకి ఆనించి, నుదురు నేలకి తగిలేదాకా వంగాడు.